కుక్కల షెల్టరులో స్వచ్ఛంద సేవ: విశాఖలో చదువుకునే విద్యార్థికి సలహాలు కావాలి

సంపెంగ:

అందరికీ నమస్కారం. నేను మద్దిలపాలెంలో హాస్టల్లో ఉంటూ బీఎస్సీ జంతుశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. సొంతూరు నర్సీపట్నం దగ్గర పల్లె. మా ఇంట్లో ఎప్పుడూ కుక్కలు ఉండేవి గానీ అవి వాకిట్లో పడుకుని, పెట్టింది తిని, వాటి దారిన అవి బతికేవి. వాటిని పట్టీ కట్టి నడిపించడం, మందు పట్టించడం వంటివి నాకు తెలియవు. ఈ సెమిస్టరులో ఆదివారాలు ఖాళీగా ఉంటున్నందున నగరంలోని జంతు సంరక్షణ కేంద్రాల్లో ఏదో ఒకదానికి వెళ్లి కుక్కల పనిలో సాయం చేయాలని ఉంది.

అక్కడ అనుభవం లేని విద్యార్థులకు ఎటువంటి పని అప్పగిస్తారో తెలిస్తే చెప్పండి. మా అమ్మకు రేబిస్ భయం ఎక్కువ. టీకా ముందే వేయించుకోవచ్చునని ఎవరో అన్నారు, అది నిజమేనా? ఈ పనిని కళాశాలవారు అడిగే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గంటల్లో చూపించుకునే వీలుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. గంటల కోసమే వెళుతున్నాననుకోవద్దు, కాకపోతే రెండూ కలిసివస్తే ఇంట్లో ఒప్పించడం తేలికవుతుంది.

ఉక్కునగరం:

సంపెంగ గారూ, ముందుగా పని ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి ఆదివారం ఉత్సాహంగా వచ్చి తర్వాత కనిపించకుండా పోయేవారిలో చాలామంది కుక్కలకు భయపడి మానేయరు, పని తాము ఊహించినట్టు లేదని మానేస్తారు. నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. చేరిన ఏడాది నుంచి గాజువాక వైపున్న ఒక షెల్టరుకు వెళుతున్నాను.

ఉదయం గేటు చప్పుడు కాగానే లోపలున్నవన్నీ ఒక్కసారిగా మొరగడం మొదలుపెడతాయి. ఆ మోతలో పక్కనున్న మనిషి మాట వినిపించదు. మొదటి పని కడగడమే. రాత్రంతా మూసి ఉన్న గదుల్లో మలమూత్రాలు, ఒలికిన నీళ్లు, చింపి పోగులు పెట్టిన గోనెసంచులు ఉంటాయి. ముందు చెత్త ఎత్తి, ఉత్త నీళ్లతో మూత్రం పోయేదాకా కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు పోయాలి. ఈ వరస ఎవరో చాదస్తంతో పెట్టింది కాదు. మురికి మీద పోసిన బ్లీచింగ్ పనిచేయదు, మూత్రం మీద పోస్తే కళ్లు, గొంతు మండే వాయువు లేస్తుంది. దాన్ని యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ ఎప్పుడూ కలపకూడదు. పోశాక పది నిమిషాలు ఆగి, మళ్లీ శుభ్రంగా కడిగి, వైపరుతో నీళ్లు లాగేసి, నేల ఆరాకే కుక్కను లోపలికి వదలాలి. తడి నేల మీద రోజూ పడుకునే కుక్కకు మోచేతుల దగ్గర, కాలివేళ్ల సందుల్లో పుండ్లు పడతాయి.

ఇంత జాగ్రత్త దేనికంటే పార్వో వైరస్ కోసం. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసున్న కుక్కపిల్లలకు అది సోకితే వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అది నేలలో నెలల తరబడి చావకుండా ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు, మన చెప్పులకు అంటుకుని గది నుంచి గదికి వస్తుంది. అందువల్ల పిల్లల గదితో మొదలుపెట్టి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కల వైపు వెళ్లి, జబ్బు కుక్కల గదిని చిట్టచివరకు ఉంచుకుంటాము. ఆ గదిలో అడుగుపెట్టినవారు ఆ రోజుకు మళ్లీ పిల్లల వైపు రాకూడదు. కొత్తగా వచ్చే విద్యార్థులతో మాకు వచ్చే పేచీ అంతా ఇక్కడే. వారు కుక్కపిల్లలను ఎత్తుకోవాలని వస్తారు, మేము వాటిని ముట్టుకోనివ్వము.

కడుగుడు అయ్యేసరికి వంట సిద్ధమవుతుంది. పెద్ద డేగిసాలో నూకలు, కోడి తలకాయలు, కాస్త గుమ్మడికాయ ఉడికిస్తారు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి వేయరు. ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది కాబట్టి ఎముకలు ఏరేసి, చల్లారాక చేత్తో కలిపి బేసిన్లలో పెడతారు. పెట్టడంతో పని అయిపోదు. ఒకే గదిలో నాలుగు కుక్కలుంటే ఒకటి తన బేసిను ఖాళీ చేసి పక్కదాని మీదకు పోతుంది, పిరికిది వెనక్కి తగ్గి పస్తుంటుంది. ఏది తిన్నది, ఏది వాసన చూసి వదిలేసింది అని నిలబడి చూడడం విద్యార్థులకు అప్పగించదగిన మంచి పని. జబ్బు మొదట బయటపడేది బేసిను దగ్గరే.

నడకకు తీసుకువెళ్లడం ఆ తర్వాత. ఎండాకాలంలో మన ఊరి ఉక్క సంగతి చెప్పనక్కరలేదు. ఒగరుస్తూ ఒంటి వేడిని దించుకోవలసిన కుక్కకు గాలిలో తేమ ఉన్నప్పుడు అది కష్టమవుతుంది, అందుకే వేసవిలో ముందు నడక, తర్వాత కడుగుడు.

దూరపుకొండ:

పై సభ్యుడు వర్ణించినట్టు అన్నిచోట్లా పద్ధతిగా ఉంటుందని అనుకోవద్దు. మా తమ్ముడు ఇంటర్ సెలవుల్లో ఒక కేంద్రానికి వెళ్లాడు, పేరు అనవసరం. చేతికి తొడుగులు ఇవ్వలేదు, ఏ గదిలో ఏ జబ్బుందో చెప్పలేదు, మధ్యాహ్నం వరకు కడిగించి చివర్లో ఒక కుక్కపిల్లను చేతికిచ్చి ఫొటో తీసి విరాళాల ప్రకటనలో వేసుకున్నారు. వాడు ఇంటికి గజ్జి తెచ్చుకున్నాడు. విద్యార్థులంటే జీతం అక్కరలేని కూలీలు అన్న ధోరణి కొన్నిచోట్ల ఉన్నది. మంచి మనసుతో వెళ్లేవారే ఇలా ఎక్కువగా మోసపోతారు.

ఉక్కునగరం:

దూరపుకొండ గారు చెప్పింది కాదనను. చేరే ముందు ఒకసారి ఊరికే చూడడానికి వెళ్లడం మంచిది. పశువైద్యుడు ఏ రోజుల్లో వస్తారు, కొత్తగా తెచ్చిన కుక్కను మిగతావాటితో కలపకుండా విడిగా ఉంచే చోటు ఉన్నదా, గది తలుపు మీద కుక్క పేరు, టీకా తేదీలు రాసి ఉన్నాయా, తొడుగులు, గమ్‌బూట్లు వారే ఇస్తారా అని అడగండి. అడిగితే చిరాకు పడేచోట పనిచేయవద్దు. ఇంకొకటి, వెళ్లిన మొదటి గంటలోనే గొలుసు మీ చేతికిచ్చి పెద్ద కుక్కను నడిపించమన్నారంటే అది మీ మీద నమ్మకంతో చేసిన పని కాదు, అక్కడ చూసుకునే మనుషులు లేరని అర్థం.

గరివిడి పశువైద్య విద్యార్థి:

టీకా గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. కుక్క కరవక ముందే రేబిస్ టీకా వేయించుకోవచ్చు. షెల్టర్లలో, పశువైద్యశాలల్లో పనిచేసేవారంతా వేయించుకోవాలి, మా కళాశాలలోనూ వేయించుకుంటాము. మన దేశంలో పాటిస్తూ వచ్చిన పద్ధతిలో మూడు మోతాదులు ఉంటాయి: మొదటిది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, ఏడో రోజున ఒకటి, ఇరవై ఒకటో రోజున గానీ ఇరవై ఎనిమిదో రోజున గానీ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దీనిని సున్నా, ఏడు రోజుల్లో రెండు మోతాదులకు కుదించింది. మీకు ఏది సరిపోతుందో డాక్టరు గారు చెబుతారు. ఇంజెక్షను భుజం కండకు గానీ చర్మం పొరలోకి గానీ వేస్తారు, పిరుదుకు వేయరు. చిన్నప్పుడు బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదుల గురించి పెద్దవాళ్లు చెప్పింది విని ఇప్పటికీ భయపడేవారున్నారు. ఆ టీకా ఎప్పుడో పోయింది.

ముందుగా వేయించుకున్నంత మాత్రాన కరిచినప్పుడు ఊరుకోవచ్చునని కాదు. అప్పుడు కూడా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి, సున్నా, మూడు రోజుల్లో మరో రెండు మోతాదులు వేయించుకోవాలి. లాభమేమిటంటే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. అది గాయం లోపలా చుట్టూరా వేసే మందు, నొప్పి ఎక్కువ, అన్నిచోట్లా ఎప్పుడూ దొరుకుతుందన్న భరోసా లేదు. టీకా అసలు లేనివారికి రక్తం వచ్చేలా కాటు పడితే ఆ మందు తప్పనిసరి. కాటు తర్వాత వేసే టీకా కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. గాయానికి కారం, సున్నం, పసరు పూయడం, గట్టిగా కట్టు కట్టడం చేయకూడదు. చర్మం గీరుకున్నచోట కుక్క నాకినా దాన్ని కాటుతో సమానంగానే చూడాలి. చెక్కుచెదరని చర్మం మీద నాకితే ప్రమాదం లేదు. మీ అమ్మగారికి ఈ తేడా చెప్పండి.

నిజానికి షెల్టరులో విద్యార్థులకు రేబిస్ కన్నా తరచుగా ఎదురయ్యేవి వేరే ఉన్నాయి. దూరపుకొండ గారి తమ్ముడికి వచ్చినట్టు సార్కోప్టిక్ గజ్జి మనుషులకు అంటుకుంటుంది, దురద పెడుతుంది, అయితే కుక్కకు చికిత్స జరిగాక మనిషికి మెల్లగా తగ్గిపోతుంది. డెమోడెక్స్ అనే మరో రకం గజ్జి మనకు అంటదు. చూడడానికి రెండింటిలోనూ బొచ్చు రాలిపోయి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూసేవరకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వర్షాకాలంలో లెప్టోస్పైరోసిస్ మీద కన్నుంచాలి. ఎలుకల, కుక్కల మూత్రం కలిసిన నీళ్లు కాలి పగుళ్ల నుంచి, గాయాల నుంచి లోపలికి వెళ్లి జ్వరం, పిక్కల నొప్పులు, కొందరిలో కామెర్లు తెస్తాయి. అందుకే గమ్‌బూట్లు. షెల్టరుకు వెళ్లిన కొద్ది రోజులకు జ్వరం వస్తే, డాక్టరుకు మీరు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పడం మరచిపోవద్దు.

సీతమ్మధార అమ్మ:

అమ్మాయ్, నేను తల్లి వైపు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి డిగ్రీ చదివిన రోజుల్లో ఇలాగే వెళతానంటే నేను రెండు నెలలు ఒప్పుకోలేదు. చివరకు నేనే వెంట వెళ్లి, ఒక పూట అక్కడ కుర్చీలో కూర్చుని చూశాక ఒప్పుకున్నాను. మీ అమ్మగారు విశాఖ వచ్చినప్పుడు ఒకసారి తీసుకువెళ్లండి, వందసార్లు ఫోనులో చెప్పినదానికన్నా అది పనిచేస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం ఉన్న ఉత్తరం లేకుండా చేర్చుకోకూడదు, మంచి కేంద్రాలు చేర్చుకోవు కూడా.

పరీక్షలప్పుడు ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. రెండు వారాలు రానని చెప్పి మానేస్తే వారు వేరొకరిని చూసుకుంటారు. చెప్పకుండా మానేస్తే ఆ పూట నడక ఉండవలసిన కుక్క గదిలోనే ఉండిపోతుంది. దీపావళి వారంలో మాత్రం వీలైతే వెళ్లు. టపాసుల మోతకు గోడలు దూకి పారిపోయేవి, భయంతో తిండి మానేసేవి ఎన్నో ఉంటాయి, ఆ రోజుల్లో పనివారు కూడా పండగకు సొంతూళ్లు వెళతారు.

సంపెంగ:

అందరికీ కృతజ్ఞతలు. గరివిడి అన్నయ్య గారు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. టీకా వేయించుకున్నాకే వెళ్లాలన్న షరతు మీద ఒప్పుకున్నది.

నిన్న సాయంత్రం ఒక షెల్టరు చూసి వచ్చాను. అక్కడ చివరి గదిలో ఒక గోధుమరంగు ఆడకుక్క గోడ మూలకు ముఖం పెట్టుకుని కూర్చుంది, నేను ఉన్నంతసేపూ ఇటు తిరగలేదు. లారీ గుద్దితే ఎవరో తెచ్చారట, కాలు నయమైంది గానీ ఎవరినీ దగ్గరకు రానివ్వదని అన్నారు. ఇటువంటివాటి విషయంలో మావంటి కొత్తవాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా, లేక వాటి జోలికి పోకుండా ఉండడమే మంచిదా?

కొండదిగువ:

మీ ప్రశ్న చూసి ఎంతోకాలంగా చదవడం తప్ప రాయని నేను ఈ చర్చలోకి వచ్చాను. అటువంటి కుక్కల దగ్గర కొత్తవాళ్లే బాగా పనికొస్తారు. పనివారికి ఒక్కో కుక్క దగ్గర కూర్చునే తీరిక ఉండదు; పైగా వారి చేతుల్లో ఎప్పుడూ చీపురో, సూదిమందో, పట్టుకునే వలో ఉంటుంది కాబట్టి భయపడ్డ కుక్కకు వారి అడుగుల చప్పుడంటేనే గుండె దడ. ఏ పనీ పెట్టుకోకుండా వచ్చి కూర్చునే మనిషి దానికి కావాలి.

నేను చేసే పద్ధతి ఇది. గది బయట, జాలీ తలుపుకు కొంచెం పక్కగా, కుక్కకు వీపు గానీ భుజం గానీ కనిపించేలా నేల మీద కూర్చుంటాను. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడడం, మీదకు వంగడం, తల మీద చెయ్యి పెట్టబోవడం మనుషుల మధ్య ఆప్యాయత గానీ కుక్కకు అది బెదిరింపు. కూర్చుని పాఠ్యపుస్తకం తెరిచి మెల్లగా పైకి చదువుతాను. ఇలా ఒక కుక్క దగ్గర కూర్చున్న రోజుల్లో నేను బీకాం చదువుతున్నాను, దానికి కాస్ట్ అకౌంటింగు అంతా వినిపించాను. మాటల అర్థంతో దానికి పని లేదు, ఒకే స్థాయిలో, తొందర లేకుండా సాగే గొంతుకు అలవాటు పడుతుంది. మధ్యమధ్య ఉడికించిన కోడి ముక్క ఒకటి, దాని వైపు చూడకుండా, లోపలికి విసురుతాను. మొదట్లో నేను వెళ్లిపోయాక తినేది. తర్వాత నేను ఉండగానే మెడ చాచి అందుకుని మళ్లీ మూలకు పోయేది. ఒకరోజు పుస్తకం పేజీ తిప్పే చప్పుడుకు చెవి ఇటు తిరిగింది, ముఖం మాత్రం గోడకే ఉంది. ఆ చెవి తిరగడమే ఆ రోజుకు లాభం; అక్కడితో ఆపి లేచి వచ్చేయాలి. ఆశపడి ఇంకాస్త దగ్గరకు జరిగితే వచ్చింది కూడా పోతుంది.

తన లోపల ఏమున్నదో కుక్క ముందే చెబుతుంది. నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా పెదవులు నాక్కోవడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తోకను కాళ్ల సందున ముడుచుకోవడం — ఇవన్నీ నన్ను వదిలేయమని అడగడమే. అన్నిటికన్నా ప్రమాదమైనది ఒళ్లంతా బిగబట్టి ఒక్కసారిగా కదలకుండా ఉండిపోవడం. అప్పుడు చెయ్యి ముందుకు చాచినవాడికి కాటు తప్పదు. తోక ఊపుతోంది కదా అని ధైర్యం చేయవద్దు. తోక నిటారుగా ఎత్తి బిగువుగా, చిన్నగా ఊపేది స్నేహంతో కాదు. మొరిగే కుక్క కరవదన్న సామెతను షెల్టరు గేటు బయటే వదిలి లోపలికి రండి, ఎందుకంటే మొరిగేవీ కరుస్తాయి. గుర్రుమన్నందుకు కుక్కను ఎప్పుడూ కసరకూడదు. గుర్రుమనడం మానుకున్న కుక్క ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

మీరు చూసిన ఆ గోధుమరంగు కుక్కకు వారానికి ఒక్కరోజు చాలదు. మీరు ఇద్దరు ముగ్గురు స్నేహితులను కలుపుకుని, రోజు మార్చి రోజు ఒకే వేళకు, ఒకే చోట కూర్చునేలా ఏర్పాటు చేసుకోండి.

దూరపుకొండ:

ఇదంతా బాగుంది గానీ నాకొక సందేహం. ఇంత శ్రమపడి మచ్చిక చేసి, ఆపరేషను చేసి, మళ్లీ వాటిని వీధిలోనే వదులుతారు. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవారిని అడగండి కుక్కల బెడద ఎంతో. ఊళ్లో ఉన్నవన్నీ షెల్టర్లలోనే ఉంచేయవచ్చు కదా?

పాత వకీలు:

ఈ ప్రశ్నకు చట్టం వైపు నుంచి చెప్పగలను. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. పట్టి చంపడం వల్ల వీధికుక్కల సంఖ్య తగ్గదని దశాబ్దాల అనుభవంతో తేలాక, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటే వదిలే పద్ధతిని చెన్నై కార్పొరేషను 1996లో చేపట్టింది. మన నగరంలో జంతు సంరక్షణ సంస్థ వీఎస్‌పీసీఏ మొదలైంది కూడా 1996లోనే. కేంద్రం 2001లో ఈ పద్ధతికి నిబంధనలు చేసింది. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. చెవి చివర కత్తిరించి ఉన్న కుక్క కనిపిస్తే దానికి ఆపరేషను అయినట్టు గుర్తు.

వదిలేయడానికి కారణం జాలి ఒక్కటే కాదు. ఒక వీధిలో తిండి దొరుకుతున్నంతకాలం అక్కడి కుక్కలను తీసేస్తే పక్క వీధివి వచ్చి చేరతాయి, వాటికి టీకా ఉండదు, ఆపరేషను ఉండదు. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, సుమారు 63 రోజుల్లో ఈనుతుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వాటిలో రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టీకా వేసిన కుక్కలు వీధిలో ఉండడమే ఆ వీధికి రక్షణ.

ఇక సుప్రీంకోర్టు విషయం. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలన్న ఆదేశం వచ్చింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషను, టీకా అయ్యాక పట్టినచోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం వదలరాదని, తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు చూపాలని చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తొలగించి షెల్టర్లలో ఉంచాలని, వాటిని తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. విద్యార్థులు ఇది గమనించాలి. కళాశాల ఆవరణలో మీరు రోజూ బిస్కెట్లు పెట్టిన కుక్క ఇకమీదట షెల్టరు గదిలో కనిపించవచ్చు. వీధిలోకి తిరిగి వెళ్లే అవకాశం లేని అటువంటి కుక్కలను మచ్చిక చేయడం వృథా అని ఎలా అనగలం? దత్తత తప్ప వాటికి బయటకు దారి లేదు.

దూరపుకొండ:

వకీలు గారూ, ఆ చివరి మాట ఒప్పుకుంటాను. కానీ మా వీధిలో కరిచే కుక్క గురించి ఫిర్యాదు చేస్తే ఎవరూ రాకపోవడం మాత్రం మాకు నిత్యానుభవం.

కొండదిగువ:

దత్తత మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. షెల్టరుకు వచ్చే కుటుంబాలు కుక్కపిల్లలనో, ఎవరో వదిలేసిన లాబ్రడార్‌నో అడుగుతాయి. మన ఊరకుక్కల్లో నాలుగైదేళ్లు నిండినవాటిని, అందులోనూ నల్లవాటిని, చూసి కూడా ముందుకు పోతారు. ఫొటోలో నల్లకుక్క ముఖం కనిపించకపోవడం ఒక కారణం. ఫోనుతో మంచి ఫొటోలు తీయగల విద్యార్థులు, మధ్యాహ్నపు ఎండలో కాకుండా నీడపట్టున, కుక్క కంటి ఎత్తుకు కూర్చుని తీసిన ఫొటో ఒకటి, దాని స్వభావం గురించి నిజంగా రాసిన నాలుగు వాక్యాలు షెల్టరువారికి ఇవ్వగలిగితే అది పది గదులు కడిగినంత సాయం. పిల్లులను తరుముతుంది అన్నది కూడా రాయాలి. దాచి ఇచ్చిన కుక్క వారంలో వెనక్కి వస్తుంది.

గరివిడి పశువైద్య విద్యార్థి:

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. జాలిపడి కుక్కపిల్లను హాస్టలు గదికి తీసుకువెళ్లే విద్యార్థులను ఎందరినో చూశాను. సెలవులు రాగానే దాన్ని మళ్లీ షెల్టరు గేటు దగ్గర కట్టేసి పోతారు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున వేయించాలి. ఆ మధ్యలో బయట తిప్పిన పిల్ల పార్వో తెచ్చుకుంటుంది. హాస్టల్లో ఉండేవారు పెంచుకోవడం మాట మరచిపోండి. అంతగా చేయాలనిపిస్తే పాత దుప్పట్లు, వార్తాపత్రికలు, గోనెసంచులు పోగుచేసి ఇవ్వండి, వర్షాకాలంలో పరిచింది ఆరక పనివారు పడే అవస్థ అంతా ఇంతా కాదు.

తరగతి గది:

నేను ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యత కూడా చూస్తాను. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు నిర్దేశించిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలది, ఒక సముదాయాన్ని ఎంచుకుని, ఇంటింటా తిరిగి సమస్యను తెలుసుకుని, నివేదిక రాయవలసిన పని. కాబట్టి షెల్టరులో గదులు కడిగిన గంటలను నేరుగా అందులో చూపిస్తే నావంటివారు ఒప్పుకోరు. అయితే ఒక వార్డును తీసుకుని, అక్కడివారికి కుక్కకాటు తర్వాత ఏం చేయాలో తెలుసా, తమ పెంపుడు కుక్కలకు టీకా వేయించారా, వీధిలో చెవి కత్తిరించిన కుక్కలు ఎన్ని అన్నది అడిగి రాస్తే అది చక్కటి అంశం. జంతుశాస్త్ర విద్యార్థినికి మరీ తగినది. షెల్టరు పనికి ఎన్ఎస్ఎస్ తగిన చోటు. అందులో ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు ఉంటాయి, ముందే ప్రోగ్రాం ఆఫీసరు అనుమతి తీసుకుని, షెల్టరు ముద్రతో హాజరు రాయించుకుంటే ఏ పేచీ రాదు. పని అయిపోయాక ఉత్తరం తెచ్చి సంతకం పెట్టమనేవారితోనే మాకు తలనొప్పి.

సంపెంగ:

మాస్టారూ, ఆ సర్వే అంశం నాకు బాగా నచ్చింది, మా విభాగంలో రేపే అడుగుతాను. మొదటి మోతాదు టీకా ఈ వారంలో వేయించుకుంటున్నాను. నా గదిలోని ఇద్దరు స్నేహితురాళ్లు కూడా వస్తామన్నారు, కాబట్టి కొండదిగువ గారు చెప్పినట్టు రోజులు పంచుకుంటాము. ఉక్కునగరం గారూ, మొదటి రోజు ఏమేం తెచ్చుకోవాలో, ఎటువంటి బట్టలు వేసుకోవాలో కూడా చెబితే మేలు.

ఉక్కునగరం:

పాత చుడీదారు గానీ ట్రాక్ ప్యాంటు గానీ వేసుకోండి, చున్నీ వద్దు, అది కుక్క పళ్లకు దొరికితే మెడకు బిగుసుకుంటుంది. వేలాడే చెవిపోగులు, గాజులు హాస్టల్లోనే పెట్టి రండి. గోళ్లు కత్తిరించుకోండి, జుట్టు ముడి వేసుకోండి. చెప్పులు కాకుండా వేళ్లు మూసుకునే బూట్లు కావాలి. అక్కడ గమ్‌బూట్లు ఇచ్చినా తిరుగు ప్రయాణానికి పొడిబూట్లు, మార్చుకునే బట్టల జత ఒక కవరులో ఉంచుకోండి, తడిసిన బట్టలతో బస్సెక్కితే పక్కవారు ముక్కు మూసుకుంటారు. మంచినీళ్ల సీసా, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు మరో సీసాలో తెచ్చుకోండి. సువాసన నూనెలు, సెంట్లు వద్దు. మూడో మోతాదు పూర్తయిన తర్వాతి ఆదివారం నుంచి రండి. అప్పటివరకు బయట కూర్చుని బేసిన్ల పట్టిక రాసే పని మీ ముగ్గురికీ ఇప్పించమని నేను మా పర్యవేక్షకురాలిని అడిగి, ఆమె ఏమన్నారో ఇక్కడే రాస్తాను.